ఇరవై మూడు గంటల రోజు

సైనిక్‌పురిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. పాలబ్బాయి దగ్గర్నుంచి అసోసియేషన్ సెక్రటరీ దాకా అందరికీ ఆయన 'సుబేదారు గారే'. వయసు డెబ్భై ఏడు. ఎడమ చేతికి పాత హెచ్‌ఎంటీ గడియారం. పొద్దున్నే దానికి కీ ఇవ్వడం, రేడియో పెట్టుకుని వార్తల ముందు వచ్చే 'పిప్... పిప్...' చప్పుడుకి ముల్లు సరిచేసుకోవడం, ఆ తర్వాతే కాఫీ గ్లాసు అందుకోవడం... యాభై ఏళ్లుగా ఇదే వరస.

"సెల్‌ఫోన్‌లో టైము ఉంది కదా నాన్నా, ఇంకా ఈ చాదస్తమేంటి?" అని కొడుకు చాలాసార్లే అన్నాడు.

"అది ఎవరో చెప్పిన టైము. ఇది నేను సరిచూసుకున్న టైము" అని నవ్వేవారాయన.

ఆ చాదస్తమే ఓ కుటుంబం రోడ్డున పడకుండా అడ్డుకుంటుందని అప్పట్లో ఎవరికీ తెలీదు.

ఆయన సొంతూరు పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు. 'మిలటరీ మాధవరం' అంటేనే చుట్టుపక్కల వాళ్లకు తెలుస్తుంది. ఇరవై ఏళ్లకు సిగ్నల్స్ దళంలో చేరారు. జబల్‌పూర్‌లో శిక్షణ. వీపున వైర్‌లెస్ సెట్టు, దానికి ఇటుకంత బ్యాటరీ. సర్వీసు అయిపోయాక, మాజీ సైనికుల కోసం వెలసిన సైనిక్‌పురిలో ఓ చిన్న ఇల్లు కట్టుకున్నారు. అప్పట్లో రాత్రిళ్లు మౌలాలి వైపు రైలు కూత వినిపించేదట. తర్వాత తర్వాత ఒక్కో ఇల్లూ అపార్ట్‌మెంటు అయింది. ఆయనా పక్కవాళ్లతో కలిసి స్థలాన్ని డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశారు. నాలుగు బ్లాకులు లేచాయి. పెద్దాయనకు మూడో బ్లాకులో రెండు ఫ్లాట్లు వచ్చాయి. వాటితోపాటే నీళ్ల గొడవా వచ్చింది.

ఎండాకాలం వస్తే బోరు చేతులెత్తేస్తుంది. ట్యాంకర్లే దిక్కు. ఏ బ్లాకు ఎంత వాడుతోంది, ఏ ట్యాంకు ఎప్పుడు పొర్లుతోంది అని రోజూ పంచాయితీ. ఆ బాధ పడలేక 2022లో అసోసియేషన్ వాళ్లు ఓ ఏర్పాటు చేయించారు. ప్రతి ఓవర్‌హెడ్ ట్యాంకు మీదా సబ్బుపెట్టె అంత డబ్బా ఒకటి. మోటారు గదిలో ఒకటి. మెట్ల దగ్గర అంతస్తుకొకటి. వాచ్‌మన్ క్యాబిన్‌లో మాత్రం పెద్ద డబ్బా. వాటి మధ్య వైర్లు లేవు. ఇల్లు కట్టేచోట కూలీలు నిలబడి ఇటుకలు చెయ్యీ చెయ్యీ మార్చుకుంటారు చూడండి... అచ్చం అలాగే. పైనున్న డబ్బా తన మాటను పక్క డబ్బాకు చెబుతుంది. అది కింద దానికి చెబుతుంది. అలా అలా కబురు క్యాబిన్ చేరుతుంది. ఒక డబ్బా చెడిపోతే కబురు ఇంకో దారి వెతుక్కుంటుంది. దీన్నే 'మెష్' అంటారు. వలలో పోగుల్లాగా అన్నమాట.

వచ్చిన కబుర్లన్నీ కంప్యూటర్లో వరసగా పడతాయి. ఏ నిమిషంలో ఏ ట్యాంకులో ఎన్ని నీళ్లు, మోటారు ఎప్పుడు వేశారు, ఎప్పుడు ఆపారు... అన్నీ. గొడవలు తగ్గాయి. సెక్రటరీ గారి బీపీ కూడా తగ్గింది.

2023 మే నెలలో ఓ తెల్లవారుజామున అది మళ్లీ పెరిగింది.

నాలుగో బ్లాకు ట్యాంకు పొర్లింది. పొర్లిన నీళ్లు గొట్టం దారిన పోకుండా లిఫ్టు గదిలోకి దిగాయి. లిఫ్టు బోర్డు కాలిపోయింది. మెకానిక్ చెప్పిన ఖర్చు విని కమిటీ వాళ్లకు చెమటలు పట్టాయి. తప్పెవరిదో తేల్చడానికి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. అందులో స్పష్టంగా ఉంది. 'ట్యాంకు నిండింది: 4.36. మోటారు ఆగింది: 4.51.' పదిహేను నిమిషాలు! అంటే మోటారు వేసి వాచ్‌మన్ నిద్రపోయాడు. ఇంకేం కావాలి?

వాచ్‌మన్‌ది పాలమూరు వైపు. భార్య అదే అపార్ట్‌మెంటులో నాలుగిళ్లలో పని చేస్తుంది. ఇద్దరు పిల్లలు దగ్గర్లోని సర్కారు బడికి వెళ్తారు. నలుగురికీ కలిపి సెల్లార్‌లో ఒక గది. ఉద్యోగం పోతే గది పోతుంది. గది పోతే పిల్లల బడి పోతుంది.

"నేను నిద్రవోలే సార్. నీళ్లు దుంకుతున్న సప్పుడు ఇన్న. ఉరికిన. మోటర్ బందు వెట్టిన. ఒక్క నిమిషం గూడ గాలె" అని ఎంత మొత్తుకున్నా వినేవాళ్లు లేరు. మనిషి మాటకీ మిషను మాటకీ తేడా వస్తే ఈ రోజుల్లో గెలిచేది మిషనే కదా! ఆదివారం పదింటికి మీటింగు. జీతం కోత, ఆ పైన ఉద్వాసన. అందరూ దాదాపు తేల్చేసుకున్నారు.

సుబేదారు గారు మాత్రం ఆ కాగితాలు కావాలన్నారు.

"కంప్యూటర్ అబద్ధం చెప్తుందా అంకుల్?" అన్నారు సెక్రటరీ.

"చెప్పదు బాబూ. దానికి తెలిసింది చెప్తుంది. దానికి తెలిసింది నిజమో కాదో మనం చూసుకోవాలిగా" అన్నారాయన.

నెల రోజుల లెక్కలన్నీ ఈసీఐఎల్ చౌరస్తాలో ప్రింటు తీయించుకొచ్చారు. డైనింగ్ టేబుల్ మీద పరిచారు. చేతిలో పెన్సిలు. సిగ్నల్స్‌లో ఉన్నప్పుడు వచ్చిన ప్రతి సందేశాన్నీ లాగ్ పుస్తకంలో రాసి, రాత్రికి లెక్క కట్టేవారు. వరస నంబరు ఒకటి తప్పితే ఏదో పోయిందని అర్థం. ఆ అలవాటుతోనే మొదలుపెట్టారు. డబ్బాలు పావుగంటకోసారి నీటి మట్టం చెబుతాయి. గంటకు నాలుగు. రోజుకు 96. మొదటి బ్లాకు ట్యాంకు: 96. రెండో బ్లాకు: 96. మూడో బ్లాకు: 96. నాలుగో బ్లాకు... 92.

మళ్లీ లెక్కపెట్టారు. 92. ముందురోజు చూశారు. 92. ఆ ముందురోజు 91. ఎక్కడ తగ్గుతున్నాయో వేలుపెట్టి చూస్తూ వెళ్లారు. పొద్దంతా వరస బాగానే ఉంది. రాత్రి 10.30, 10.45... ఆ తర్వాత నేరుగా 12.00! మధ్యలో 11 గంటలు లేదు, 11.15 లేదు, 11.30 లేదు, 11.45 లేదు. ఒక్క రోజు కాదు, మూడు వారాలుగా రోజూ అంతే.

శుక్రవారం రాత్రి గచ్చిబౌలి నుంచి మనవరాలు వచ్చింది. ఎలక్ట్రానిక్స్ చదివి, చిప్‌ల కంపెనీలో పనిచేస్తున్న పిల్ల. బ్యాగు దించకముందే తాతయ్య కాగితం చేతికిచ్చారు.

"అమ్మలూ, ఈ ట్యాంకుకి రోజుకి ఇరవై మూడు గంటలే ఉన్నాయే!"

ఆమె కాగితం చూసింది. ఇంకో కాగితం చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తాతయ్యా... దీని గడియారం స్లోగా నడుస్తోంది. రోజంతా వెనకబడి, అర్ధరాత్రి ఎవరో సరిచేయగానే ఒక్కసారిగా ముందుకు దూకుతోంది."

"ఎవరో కాదు, క్యాబిన్‌లో పెద్ద డబ్బా. రోజుకోసారి పన్నెండింటికి అన్ని డబ్బాలకూ టైము చెబుతుందని ఆ బిగించిన కుర్రాడే నాతో అన్నాడు" అన్నారాయన.

ఆ రాత్రి తాతా మనవరాలూ భోజనాలు మరిచిపోయి కూర్చున్నారు. నాయనమ్మ రెండుసార్లు పిలిచి, మూడోసారి కంచాలు అక్కడికే తెచ్చిపెట్టింది.

అసలు ఇంత చిన్న డబ్బాకు గడియారంతో పనేంటి? కబురు చెప్పి ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. దానికి ఉన్నది రెండు పెన్సిల్ బ్యాటరీలు. ఇలాంటి డబ్బాల్లో ఎక్కువ కరెంటు తాగేది రేడియో. మాట్లాడటానికి ఎంత ఖర్చవుతుందో, చెవులు రిక్కించి వినడానికీ దాదాపు అంతే ఖర్చవుతుంది. సుమారు 20 మిల్లీయాంపియర్లు అనుకోండి. 2,500 మిల్లీయాంపియర్ అవర్ల బ్యాటరీ పెట్టి రేడియోని ఎప్పుడూ తెరిచే ఉంచితే 125 గంటలు... అయిదు రోజుల్లో ఖాళీ. అదే నూటికి ఒక్క వంతు సమయమే మెలకువగా ఉండి, మిగతా 99 వంతులూ నిద్రపోతే 500 రోజులొస్తుంది. కాబట్టి నిద్రే వాటికి ప్రాణం.

కానీ ఇద్దరూ నిద్రపోతే మాట్లాడుకునేదెట్లా? ఒకే క్షణంలో లేవాలి. అంటే ఇద్దరి గడియారాలూ ఒకటే చెప్పాలి.

ఇది వినగానే సుబేదారు గారు మోకాలి మీద చరుచుకున్నారు. "మా సెట్లూ అంతే! బ్యాటరీ మిగుల్చుకోవాలని ఎప్పుడూ ఆన్‌లో ఉంచేవాళ్లం కాదు. ఫలానా నిమిషానికి తెరవాలి, ఫలానా నిమిషానికి మూయాలి. అందుకే బయల్దేరే ముందు అందరం చేతులు ముందుకు చాపి, 'మూడు, రెండు, ఒకటి, మార్క్' అని గడియారాలు కలుపుకునేవాళ్లం. ఒకడి గడియారం రెండు నిమిషాలు తేడా ఉందా... వాడు కొండ అవతల ఒంటరైపోయినట్టే."

మరి గడియారాలు ఎందుకు తేడా వస్తాయి? డబ్బా లోపల బియ్యపు గింజ కన్నా కాస్త పెద్ద క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. చేతి గడియారాల్లో ఉండేదీ అదే. సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ వింత అంకె ఎందుకంటే, దాన్ని పదిహేను సార్లు సగం సగం చేసుకుంటూ పోతే సరిగ్గా ఒకటి వస్తుంది. ఒక సెకను. మామూలు స్ఫటికం పది లక్షలకు ఇరవై వరకు తప్పుతుంది. చాలా తక్కువ అనిపిస్తుంది కానీ, రోజుకు 1.7 సెకన్లు. పైగా ఇది 25 డిగ్రీల దగ్గర సుఖంగా ఉండేలా తయారైన ప్రాణి. వేడెక్కినా, చల్లబడినా నెమ్మదిస్తుంది. మే నెల ఎండలో డాబా మీద ప్లాస్టిక్ డబ్బా లోపల 65 డిగ్రీలు ఉందనుకుంటే, ఆ వేడే రోజంతా కొనసాగితే నాలుగున్నర సెకన్లకు పైనే వెనకబడుతుంది. సెల్లార్‌లో చల్లగా ఉన్న డబ్బాకు ఆ బాధ లేదు. ఒకే అపార్ట్‌మెంటు... పైన ఒక కాలం, కింద ఒక కాలం!

సెకన్ల తేడాతో పెద్ద నష్టమేముంది అనుకోకండి. ఫ్యాక్టరీల్లో వాడే ఇలాంటి నెట్‌వర్కుల్లో ఒక్కొక్కరు మాట్లాడే వంతు 10 మిల్లీసెకన్లు. అంటే సెకనులో నూరో వంతు. వినేవాడు కాస్త ముందే లేచి, మరికాస్త ఆగి చూస్తాడు. ఆ ఓపిక ఒక మిల్లీసెకను అనుకుంటే, ఒకడు ముందుకీ ఇంకొకడు వెనక్కీ ఇరవై చొప్పున తప్పే రెండు గడియారాలు పాతిక సెకన్లలోనే ఆ హద్దు దాటేస్తాయి. అందుకే 2012లో వచ్చిన 802.15.4ఇ అనే ప్రమాణంలో ఓ తెలివైన పద్ధతి పెట్టారు. 'నీ మాట అందింది' అని జవాబిచ్చేటప్పుడే 'నువ్వు ఇన్ని మైక్రోసెకన్లు ఆలస్యంగా వచ్చావు' అని కూడా చెప్పేస్తారు. సరిదిద్దడానికి వేరే ఖర్చు లేదు. పలకరింపులోనే సవరణ.

అంతకుముందే దీనిమీద చాలామంది బుర్రలు బద్దలుకొట్టుకున్నారు. ఒక డబ్బా 'ఇప్పుడు టైము ఇంత' అని పంపిందనుకోండి. ఆ మాట గాల్లో ప్రయాణించడానికి పట్టే కాలం లెక్కలోకే రాదు. అసలు ఆలస్యం డబ్బా లోపలే. పక్కవాడు మాట్లాడుతుంటే తన వంతు కోసం ఆగాలి. ఎంతసేపు ఆగుతుందో ముందు తెలీదు. ఈలోపు చెప్పిన టైము పాతబడిపోతుంది. 2002లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎల్సన్, గిరోడ్, ఎస్ట్రిన్ అనే పరిశోధకులు దీనికి చమత్కారమైన దారి చూపించారు. ఒకరు చప్పట్లు కొట్టాలి. కొట్టినవాడి టైముతో పనిలేదు. విన్న ఇద్దరూ ఆ క్షణంలో తమ గడియారాల్లో ఎంతైందో రాసుకుని పోల్చుకుంటారు. అంతే! మరుసటి ఏడాది అదే విశ్వవిద్యాలయంలో సౌరభ్ గనేరీవాల్, రామ్ కుమార్, మణి శ్రీవాస్తవ ఉత్తరం-జవాబు పద్ధతిని మెరుగుపరిచారు. పంపిన క్షణం, అందిన క్షణం, బదులిచ్చిన క్షణం, అది చేరిన క్షణం... ఈ నాలుగూ రేడియో గుమ్మం దగ్గరే ముద్ర వేస్తారు. లోపల ఎంతసేపు ఆగిందన్న గొడవ ఉండదు. 2004లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో అడుగు వేశారు. పక్కవాడి గడియారం ఇప్పుడెంత తప్పుగా ఉందనే కాదు, ఏ వేగంతో తప్పుతోందో కూడా లెక్కకడితే... మాటిమాటికీ అడగక్కర్లేదు.

"అంటే మీవాళ్లు గడియారం స్వభావం కనిపెడుతున్నారన్నమాట. మా హవల్దార్ ఒకడుండేవాడు. వాడి గడియారం రోజుకి అర నిమిషం ఫాస్టు. మాకు తెలుసు. తీసేసి లెక్కేసుకునేవాళ్లం" అన్నారు తాతయ్య.

"అదే తాతయ్యా... సరిగ్గా అదే!"

కాలం తేడా గొడవ మనకు కొత్తదేం కాదు. ఒకప్పుడు ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. రైళ్లొచ్చాక చిక్కొచ్చి, మద్రాసు టైమును పట్టుకున్నారు. అక్కడి అబ్జర్వేటరీ నుంచి టెలిగ్రాఫ్ తీగల మీద టైము స్టేషన్లకు వెళ్లేది. 1906లో ఇండియన్ స్టాండర్డ్ టైమ్ వచ్చింది. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడకు దగ్గర్లోనే వెళ్తుంది. హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాలు. అంటే మన సూర్యుడు మన గడియారం కంటే సగటున ఓ పదహారు నిమిషాలు లేటే! అయినా ఎవరికీ ఇబ్బంది లేదు. ఎందుకంటే అందరం కలిసి ఒకే టైముకు ఒప్పుకున్నాం. ఒప్పుకోనివాడు ఒక్కడున్నా చిక్కే.

సైనిక్‌పురి నుంచి ఉప్పల్ రోడ్డు మీదికి వెళ్తే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కనిపిస్తుంది. 1961లో పెట్టారు. భూకంపాల మీద పని చేసేవాళ్లకు కాలం విలువ బాగా తెలుసు. భూకంపపు మొదటి తరంగం గట్టి రాతిలో సెకనుకు సుమారు ఆరు కిలోమీటర్లు పరిగెడుతుంది. దూరదూరంగా పెట్టిన పరికరాల్లో అది ఎప్పుడెప్పుడు తగిలిందో చూసి, ఎక్కడ పుట్టిందో లెక్కకడతారు. ఒక్క గడియారం ఒక్క సెకను తప్పినా ఆ లెక్కలో ఆరు కిలోమీటర్ల తప్పు చొరబడుతుంది. అందుకే అలాంటి పరికరాలు ఉపగ్రహాల నుంచి, జీపీఎస్ ద్వారా, టైము తీసుకుంటాయి. ఆ ఉపగ్రహాల్లో ఉండేవి అణు గడియారాలు. మరి మన డబ్బాలకూ అదే పెట్టొచ్చుగా? జీపీఎస్‌కు ఆకాశం కనిపించాలి. సెల్లార్‌లోని మోటారు గదికి ఆకాశం ఎక్కడిది? పైగా అది బ్యాటరీని గటగటా తాగేస్తుంది.

ఈక్వెడార్‌లో రెవెంటడార్ అని ఓ అగ్నిపర్వతం ఉంది. 2005 ఆగస్టులో హార్వర్డ్ పరిశోధకులు దాని ఒంటి మీద 16 వైర్‌లెస్ డబ్బాలు పెట్టారు. 19 రోజులు కొండ గుండె చప్పుడు విన్నారు. వెనక్కొచ్చి చూసుకుంటే కొన్ని లెక్కల్లో కాలం పొంతన లేదు. ఏమైందంటే... ఏదో ఒక డబ్బా గడియారం అప్పుడప్పుడూ పిచ్చి అంకె చెప్పేది. ఆ మాటను పక్క డబ్బాలు అనుమానించకుండా నమ్మేసేవి. ఒకరి తప్పు ఊరందరికీ పాకింది. పాపం, ఆ తర్వాత కూర్చుని, ఏ గంటలో ఎవరు నిజం చెప్పారో వెతికి, కాలాన్నంతా మళ్లీ సరిచేసుకోవాల్సి వచ్చింది.

"చూశావా మరి" అన్నారు సుబేదారు గారు. "ఎవరు చెప్పినా సరిచూసుకోవాలి."

ఇక నాలుగో బ్లాకు సంగతి. ఎండ వేడికి స్ఫటికం నెమ్మదించిందనుకుంటే అయిదు గంటల్లో ఒక సెకను కూడా తేడా రాదు. ఇక్కడ రోజుకు గంటకు పైగా పోతోంది. అంటే స్ఫటికమే పనిచేయడం లేదు. అలాంటప్పుడు చిప్ ఆగిపోదు. లోపలే ఉన్న చవక రకం సర్క్యూట్‌తో కాలం లెక్కపెట్టుకుంటూ బండి లాగిస్తుంది. అది నూటికి నాలుగైదు తప్పినా ఆశ్చర్యం లేదు. 'నాకు ఒంట్లో బాగాలేదు' అని ఎవరికీ చెప్పదు. మెట్ల దగ్గరి డబ్బాలు కరెంటుతో నడుస్తాయి కాబట్టి ఎప్పుడూ వింటూనే ఉంటాయి. దీని మాట ఎప్పుడొచ్చినా అందుకుంటాయి. మాట చేరింది. టైము మాత్రం తప్పు చేరింది.

మనవరాలు లెక్క కట్టింది. అర్ధరాత్రి సరిచేశాక నూటికి 4.8 చొప్పున వెనకబడితే, ఆ డబ్బా 4.36 అన్నప్పుడు నిజంగా టైమెంత? 276 నిమిషాలను 0.952తో భాగించాలి. 290. అంటే 4.50!

మోటారు ఆగింది 4.51కి. ఒక్క నిమిషం. 'ఒక్క నిమిషం గూడ గాలె' అన్నాడు వాచ్‌మన్. మహా అయితే ఓ అరనిమిషం ఎక్కువ చెప్పాడేమో!

కానీ కాగితం మీది లెక్కకు కమిటీ ఒప్పుకుంటుందా? శనివారం మధ్యాహ్నం మండుటెండలో ఇద్దరూ డాబా ఎక్కారు. సాక్షిగా సెక్రటరీ గారిని కూడా లాక్కెళ్లారు. మనవరాలు ట్యాంకు మూత తీసి చెయ్యి లోపల పెట్టింది. తాతయ్య హెచ్‌ఎంటీ గడియారం వైపే చూస్తూ, "మూడు... రెండు... ఒకటి... మార్క్!" అన్నారు. సరిగ్గా మూడు గంటలకు ఆమె ఫ్లోట్ పైకెత్తింది. ట్యాంకు నిండిందని డబ్బా అనుకుంది. డబ్బా గంటకోసారి కబుర్లన్నీ మూటగట్టి పంపుతుంది కాబట్టి, కిందికొచ్చి మజ్జిగ తాగుతూ కూర్చున్నారు. కాసేపటికి కంప్యూటర్లో పడింది.

'ట్యాంకు నిండింది: 2.17.'

సెక్రటరీ గారు తన ఫోన్ చూసుకున్నారు. కంప్యూటర్ చూశారు. సుబేదారు గారి చేతి గడియారం చూశారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "నేను సంతకం పెట్టేసేవాణ్ణి అంకుల్" అన్నారు.

ఆదివారం మీటింగు పది నిమిషాల్లో ముగిసింది. మరి ఒక్క నిమిషం పొర్లితేనే లిఫ్టు గది ఎందుకు తడిసిందంటే, నీళ్లు బయటికి పోవాల్సిన గొట్టం అతుకు దగ్గర పగిలి ఉంది. అది ఎప్పటి నుంచో ఉన్న పగులు. దాన్ని చూడాల్సింది వాచ్‌మన్ కాదు, కమిటీ. ఆ మాట సెక్రటరీ గారే లేచి చెప్పారు. డబ్బా మారింది. కొత్త ఏర్పాటులో టైము రోజుకోసారి కాకుండా ప్రతి కబురుతోపాటే సరిచూస్తారు. కబురు క్యాబిన్‌కు చేరిన టైము కూడా పక్కనే రాస్తారు. రెండూ కలవకపోతే ఎర్ర గీత పడుతుంది. ఒకే సాక్షి మాట మీద తీర్పు చెప్పకూడదని డబ్బాల్లో రూలు వచ్చిందన్నమాట.

గచ్చిబౌలి ఐఐఐటీ ప్రాంగణంలోనూ వై-సన్ అనే పద్ధతిలో ఇలాంటి మెష్ నెట్‌వర్కు పెట్టి పరిశోధిస్తున్నారు. మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగాల మీద నడిచే ఆ నెట్‌వర్కులో డబ్బాలు మాట మాటకీ ఒక దారి నుంచి ఇంకో దారికి గెంతుతుంటాయి. ఎవరు ఎప్పుడు ఎక్కడికి గెంతుతారో పక్కవాడికి తెలియాలంటే మళ్లీ అదే మాట... గడియారాలు కలవాలి. రేపు వీధి దీపాలూ నీళ్ల మీటర్లూ కరెంటు మీటర్లూ ఇలాగే మాట్లాడుకుంటాయి. వాటి మాట మీద బిల్లులు వేస్తారు, జరిమానాలు వేస్తారు, మనుషుల్ని ఉద్యోగాల్లోంచి తీస్తారు. ఆ రోజున 'ఈ టైము ఎవరు చెప్పారు, దాన్ని ఎవరు సరిచూశారు' అని అడిగే మనిషి ఒకడు ఉండాలి.

అదైన వారానికి వాచ్‌మన్ కూతురు ఓ చిన్న గిన్నెతో పైకొచ్చింది. అమ్మ సర్వపిండి పంపిందట. సుబేదారు గారు గడియారానికి కీ ఇస్తున్నారు. పిల్ల అలాగే నిలబడి చూసింది.

"తాతా, గది దినాం తిప్పాల్నా?"

"దినాం తిప్పాలమ్మా. లేకపోతే మనల్ని మరిచిపోతుంది."

ఇప్పటికీ ప్రతి ఆదివారం వాకింగ్ అయ్యాక ఆయన క్యాబిన్ దగ్గర ఆగుతారు. పెద్ద డబ్బా చెప్పే టైమునూ తన చేతి గడియారాన్నీ ఒకసారి పక్కపక్కన చూసుకుంటారు.

"ఇంకా దాని మీద అనుమానమేనా తాతయ్యా?" అంటుంది మనవరాలు.

"అనుమానం కాదే అమ్మలూ... పలకరింపు. వారానికోసారైనా పలకరించుకోకపోతే మనుషులే తేడా వచ్చేస్తారు. పాపం, గడియారాలెంత?"